పురిటికొచ్చిన గూడబాతులు

మా నాన్నగారిది ఏలూరులో బెల్లం కొట్టు. కొనదలచిన సరుకు వంక కళ్లెత్తి చూడకూడదనేది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. చూశామా, ధర పెరుగుతుంది. నేలచూపులు చూస్తూ, ముక్కు చిట్లిస్తూ బేరమాడాలి. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం.

ఆ కార్తీకంలో ఆయన తాడేపల్లిగూడెం బజారులో మా ఖాళీ జాగా ఒకటి చూపించారు.

"మాఘమాసం ముహూర్తానికి దీనిమీద కప్పు లేపావా, కొట్టు నీది. లేదా, పక్క బట్టల షావుకారికి అద్దెకిచ్చేస్తాను."

సొంత కొట్టు! కప్పుకి తాటిదూలాలు కావాలి. కొల్లేటి వైపు పల్లెలో ఒక ముసలమ్మకి చేవదేరిన తాడిచెట్లు ఉన్నాయని విని బండి కట్టించుకుని వెళ్లాను. మూడు చెట్లు. పాఠం ప్రకారం మొదళ్లు మాత్రమే చూశాను.

"ఏంటి మామ్మా ఈ నీచు కంపు? మానుల నిండా ఈ తెల్ల మరకలేంటి, తెగులా?"

"కంపేనండి బాబూ."

"కంపు కొట్టే చెట్లకి నువ్వడిగినంత ధరా?"

"పోనీ మీరే చెప్పండి."

సగం చెప్పాను. వెంటనే డబ్బుకి చెయ్యి చాచింది. అంత తేలిగ్గా దిగినప్పుడు అనుమానించాల్సింది. నేను డబ్బు ఇచ్చేసి మీసం దువ్వుకున్నాను.

మర్నాడు చెట్లు నరికే మనిషిని వెంటబెట్టుకెళితే, అతను గొడ్డలి కింద పెట్టేశాడు. "ఒక్కసారి పైకి చూడండి బాబుగారూ."

మట్టల మధ్య తట్టలంత గూళ్లు. వాటిలో గూడబాతులు, పొడుగు ముక్కుల కింద సంచులు వేలాడేసుకుని, నా వంకే చూస్తున్నాయి.

"పురిటికొచ్చిన ఆడపిల్లలండి," అంది ముసలమ్మ. "ఏటా వస్తాయి. పిల్లలకి రెక్కలొచ్చేదాకా మా ఊళ్లో ఎవరూ మట్ట కదపరండి."

"నిన్న చెప్పలేదేం?"

"మీరు తెగులన్నారు కదండీ. తెలిసినోళ్లకి ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. మీ డబ్బు పట్టుకుపోండి, లేదంటే ఆగండి."

"ఎన్నాళ్లు?"

"ఎండలు ముదిరాక ఉప్పుటేరులోంచి సముద్రపు నీరు ఎగదన్ని కొల్లేటి నీళ్లు ఉప్పనవుతాయి చూడండి, ఆ వేళకి పోతాయి."

అంటే చైత్రం! అయినా ఆ ధరకి దూలాలు ఇంకెక్కడా దొరకవు. డబ్బు వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు. పిట్టలు ముందుగానే ఎగిరిపోతాయేమోనన్న ఆశతో వారం వారం వెళ్లి కింద కూర్చునేవాణ్ణి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ సంచిలోకి దూర్చి చేపలు తినేది, మా మేనల్లుడు బెల్లం జాడీలో దూరినట్టు. ఒకసారి జారిన చేప నా భుజం మీద పడింది. ఊరంతా నవ్వింది.

పుష్యంలో నాన్నగారిని తీసుకెళ్లాను. ఆయన గట్టిగా మొదలుపెట్టారు.

"అమ్మిన సరుకు ఇవ్వకపోవడం ఏం ధర్మం అమ్మా?"

"పురిటికొచ్చిన పిల్లని మీరైతే బయటికి పొమ్మంటారా అండీ?"

మా అక్కయ్య అప్పుడు మా ఇంట్లో పురిటికొచ్చి ఉంది.  నాన్నగారు తలెత్తి గూళ్ల వంక చూశారు.

తిరుగు బండిలో, "జాగా షావుకారికి చెప్పేస్తానురా," అన్నారు.

"వేరేచోట దూలాలు కొందామండీ!"

"చేసిన బేరం నీది. మళ్లీ డబ్బు నేనివ్వను."

మాఘంలో ఆ జాగాలో షావుకారి చీరలు వేలాడాయి. నేను నాన్నగారి కొట్లోనే బెల్లం తూస్తూ ఉండిపోయాను.

చైత్రంలో ముసలమ్మ కబురు పంపింది. వెళ్లి చూస్తే గూళ్లు ఖాళీ, కింద ఈకలు. గొడ్డలి మనిషి పంచె ఎగగట్టాడు.

"ఆగవయ్యా," అన్నాను. "జాగా పోయింది. ఈ దూలాలు నెత్తిన పెట్టుకోనా?"

"మరి కార్తీకానికి మళ్లీ వస్తాయండి," అంది ముసలమ్మ.

"రానీ మామ్మా. చెట్లు నావి. అద్దె ఏమాత్రం ఇస్తాయో కనుక్కో."