అపొలీన్ పిన్ని అల్లిన రెండు జతలు

మా కోటలో అపొలీన్ పిన్ని అల్లిన మంచుజోళ్ళను ఆమె మొహం మీదే మెచ్చుకున్నవాడి పని అయిపోయినట్టే. కొత్తగా వచ్చిన ఒక కుర్ర గుమాస్తా పాపం తెలియక, "మీ చేతి అల్లిక తడి మంచులో కూడా సాగదటగా" అన్నాడు. పిన్ని చేతిలోని ఎముక సూదిని బల్ల మీదికి విసిరికొట్టి, "తోలన్నాక సాగక ఏం చేస్తుంది? తీసుకుని పో" అంది. వాడు బిత్తరపోయి, నేనేం తప్పన్నానని నన్ను అడిగాడు. వాడి తప్పేమీ లేదు. తప్పు ఎక్కడుందో ఆమె నాకు చెప్పింది గానీ, అది నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక.

ఇప్పుడు ఆ కోటే లేదు. కోట అంటే బురుజులు, ఫిరంగులు అనుకునేరు. నది రెండుగా చీలే చోట దుంగలు నిలువుగా పాతిన దడి, లోపల నాలుగిళ్ళు, ఒక తోళ్ళ కొట్టు. సముద్రం అవతల పెద్దమనుషులు బీవర్ అనే నీటి జంతువు బొచ్చుతో చేసిన టోపీ నెత్తిన లేనిదే బయటికి రామన్నంత కాలం మేం బతికాం. వాళ్ళకి పట్టు టోపీల మీద మోజు పుట్టింది, మా పొయ్యిలో పిల్లి పడుకుంది. దుంగలు ఎవరో వంటచెరకుగా పట్టుకుపోయారు. పొగగూళ్ళ రాళ్ళు మాత్రం మిగిలాయి. కోట చరిత్ర రాసినవాళ్ళు దొరల పేర్లు వరసగా రాశారని విన్నాను. రాసుకోనీండి. మంచుజోళ్ళు లేనిదే ఆ దొరల్లో ఒక్కడూ చలికాలంలో దడి దాటి నాలుగు బారలు పోలేడు. కాలు మంచులో దిగబడకుండా కట్టుకునే ఈ జోళ్ళకి కర్రచట్రం మగాళ్ళు వంచుతారు. లోపల అల్లిక ఆడవాళ్ళది. అల్లిక లేని చట్రం పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

హాల్క్రో దొర కోటకి వచ్చిన కొత్తలోనే పిన్నిని చేసుకున్నాడు. ఉంచుకున్నాడు అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె తండ్రికి తుపాకీ, కంబళ్ళు ఇచ్చి, ఆయనతో కలిసి పొగాకు తాగి, మా దేశాచారం ప్రకారం చేసుకున్నాడు. పాదిరి లేడు, ఆ రోజుల్లో అక్కడిదాకా పాదిరి వచ్చే దారీ లేదు. ఆమె ఆయనకి వండింది, తోళ్ళు గీకింది, వేటగాళ్ళ మాట ఆయనకీ ఆయన మాట వేటగాళ్ళకీ అందించింది. పన్నెండేళ్ళ కాపురంలో బతికి బట్టకట్టింది ఒక్క కూతురు, సిసీల్. నా ఈడుదే.

ఆ దేశాచారానికి ఇంకో కొస కూడా ఉంది. దొర కొలువు చాలించి సముద్రం దాటి ఇంటికి పోయేటప్పుడు ఆడమనిషిని వెంట తీసుకుపోడు. ఇంకో మగాడికి ఒప్పజెప్పి పోతాడు. ఒప్పజెప్పకుండా పోయినవాడు చెడ్డవాడు, ఒప్పజెప్పినవాడు మంచివాడు. హాల్క్రో దొర చాలా మంచివాడు. పీపాలు చేసే మా నాన్నని ఎంచాడు. మా అమ్మ ఆ చలికాలం మొదట్లోనే పోయింది, ఇంట్లో నన్ను చూసే దిక్కు లేదు.

దానికి పిన్ని తలూపింది. ఊపక ఏం చేస్తుంది? ఆ తర్వాతి మాటకి మాత్రం ఊపలేదు.

"సిసీల్ నాతో వస్తుంది. మా అక్క దగ్గరుంచి చదివిస్తాను" అన్నాడు దొర.

"నన్ను ఇచ్చేశారు, సరే. అది నా బిడ్డ."

"ఇక్కడుంటే దాని గతేమిటి అపొలీన్? పదేళ్ళు పోతే దాన్నీ ఎవడో ఒక గుమాస్తా..."

"ఆగారేం? నాలాగవుతుంది, అంతేగా. నా చేతి కూడు తిన్నన్నాళ్ళూ లేని నామోషీ ఇప్పుడొచ్చిందా?"

దొర ఆ మాట దాటేశాడు. "పెద్ద సరస్సు మీద మంచు విరగకముందే దాటాలి. లేకపోతే ఓడ అందదు. నాకో జత, దానికో జత కొత్తవి అల్లిపెట్టు" అన్నాడు.

బిడ్డని తీసుకుపోయేవాడు, ఆ పోవడానికి జోళ్ళు తల్లినే అల్లమన్నాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, కోటలో అంతటి చెయ్యి ఇంకోటి లేదు మరి.

పిన్ని రెండు జతలకీ ఒకే దుప్పి తోలు తీసి సన్నటి వారులుగా కోసింది. ఒక కొస సిసీల్ పట్టుకుంది, నేను పక్కన కూర్చున్నాను. ఆ వారుల్ని తడిపి, పంటితో పట్టి లాగి బిగించాలి. తడి మీద బిగించింది ఆరాక ఇంకా బిగుస్తుంది. తడి మీద కొంచెం వదిలిపెడితే గడ్డకట్టే చలిలో తేడా కనిపించదు. ఎండలకి మంచు చెమ్మగిల్లిందా, సాగి సంచిలా వేలాడుతుంది. పిన్ని కూతురి జత బిగించి అల్లి, అంచులకి ఎర్ర ఉన్ని కుచ్చులు కట్టింది. దొర జత అల్లేటప్పుడు పంటి పట్టు వదిలేసింది.

ఆమె లెక్క ఇది: దొర జోళ్ళు దారిలో చెడతాయి. యజమాని వెనక్కి తిరిగితే బిడ్డని ఎక్కించిన కుక్కల బండీ తిరుగుతుంది. మళ్ళీ అల్లి ఆరబెట్టేలోగా సరస్సు విరుగుతుంది. ఆ ఏటికి ప్రయాణం ఆగిపోతుంది, బిడ్డ ఇంకో ఏడాది ఒళ్ళో ఉంటుంది. ఆ ఏడాదిలో ఏమైనా జరగొచ్చు.

టపా తీసుకుపోయే టూసాన్ కుక్కల బండి మీద సిసీల్‌ని కుందేలు తోళ్ళ దుప్పట్లో చుట్టి కూర్చోబెట్టారు. పిల్ల ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. "రాయిరా బాబూ ఈ మనిషి!" అన్నారు కోటలో ఆడవాళ్ళు. ఇంటికెళ్ళి ఆమె కుండలో సిసీల్ వంతు చేప కూడా తీసి దాచింది. వచ్చేస్తుంది కదా మరి.

దొర తిరిగొచ్చాడు. జోళ్ళు చంకలో పెట్టుకుని, మోకాళ్ళదాకా దిగబడుతూ, అడవిలోంచి ఒక్కడే. పిన్ని ఎదురు పరిగెత్తి ఆయన వెనక్కి చూసింది. బండి లేదు.

"పిల్లేదీ?"

"టూసాన్‌తో ముందుకి పంపేశాను. సరస్సు నా కోసం ఆగుతుందా? అవతలొడ్డున ఉన్న కోటలో నా కోసం చూస్తుంటారు. ఇంకో జత అల్లు, వెనకే వెళ్ళి కలుస్తాను."

"ఒక్కదాన్నే పంపావా? నీకేమైనా మతి ఉందా?" ఆయన్ని ఆమె 'నువ్వు' అనడం నేను విన్నది అదొక్కసారే. "చీకటంటే దానికి వణుకు!"

"తెలుసు. అందుకే తొందరగా అల్లమంటున్నా."

అల్లింది. పంటితో లాగి లాగి చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. దొరని ఆపాలని అల్లిన చేతులే ఇప్పుడు దొర పరిగెత్తాలని అల్లాయి. అల్లడం త్వరగానే అయింది, ఆరడమే కాలేదు. పొయ్యి దగ్గర పెడితే తోలు పెళుసై విరుగుతుంది. దానంతటదే ఆరాలి. మొగుడూ పెళ్ళాం ఆ జోళ్ళని మధ్యన పెట్టుకుని కూర్చున్నారు. దొర పాత జత ఒళ్ళోకి తీసుకుని, ఒక వారుని వేలితో లాగి చూశాడు. ఇంకోటి లాగాడు. ఆమె అల్లిక ఆయనకి తెలియనిది కాదు. జత పక్కన పెట్టేశాడు. రెండు తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది అనేది పిన్ని.

"ఆరిందా?"

"ఇంకా లేదు."

వాళ్ళ కాపురంలో మిగిలిన మాటలు ఇవే. ఆరాక ఆయన కట్టుకుని వెళ్ళిపోయాడు, ఆ ఏడు సరస్సు ఇంకా విరగలేదు. పిన్ని తన కంబళి, సూదుల సంచి పట్టుకుని మా ఇంటికొచ్చింది.

నదుల మీద మంచు కరిగి దారి తెరుచుకున్నాక టూసాన్ పడవలో తిరిగొచ్చాడు. పెద్ద జత, చిన్న జత కలిపి కట్టి తెచ్చాడు. ఓడ ఎక్కేవాళ్ళకి అవెందుకు? "కలిశాడన్నమాట" అన్నాడు మా నాన్న. ఆ మాటకి పిన్ని నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. టూసాన్‌ని కూర్చోబెట్టి వేడి వేడి చేప వడ్డించింది.

"దొర వచ్చేదాకా బాగా ఏడ్చిందా?"

"ఏడుపు కాదు వదినా, ఒకటే గోల. 'మా అమ్మ అల్లింది సాగదు కదా మామా, నాన్నది ఎందుకు సాగింది?' దారి పొడుగునా ఇదే. నా బుర్ర తినేసిందనుకో."

"నువ్వేమన్నావు?"

"తోలు మంచిది కాదేమోనమ్మా అన్నా. దొర వచ్చాక ఆయన్నీ అడిగింది."

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆయనేమన్నాడు?"

"ఆయనా అదే అన్నాడు, తోలు మంచిది కాదని. పిల్ల తన జోళ్ళు తెచ్చి పక్కన పెట్టి చూసుకుంది. 'రెండూ ఒకటే తోలు నాన్నా, కోసేటప్పుడు కొస నేనే పట్టుకున్నా' అంది. అంతే. ఆ తర్వాత మళ్ళీ నీ ఊసెత్తలేదు వదినా. పిల్లలు కదా, ఇట్టే మరిచిపోతారు." టూసాన్ ఇంకో చేప ముక్క అందుకున్నాడు.

పిన్ని ముడి విప్పి చిన్న జతని మా ఇంటి దూలానికి తగిలించింది. అవి నా కాళ్ళకి సరిగ్గా సరిపోయేవి. ఆమె ఎప్పుడూ వేసుకోమనలేదు, నేనూ అడగలేదు.