బస్సు రాని స్టాపులో గెన్యా మొగుడు

మా జలేసియె ఊళ్ళో గెన్యాను చూసి మొరిగే కుక్క లేదు. మార్చిలో మంచు కరిగి దారులన్నీ బురదైనప్పుడు ఆమె ఎక్కని గుమ్మం లేదు మరి. అరవై దాటిన మనిషి, మొగుడి రబ్బరు బూట్లు తొడుక్కుని, లుద్విక్ గైదా అనే ఒక మాజీ బస్సు డ్రైవరు అధ్యక్ష పదవికి పోటీ చెయ్యడానికి సంతకాలు అడుగుతూ తిరిగింది. దేశం మొత్తం మీద లక్ష సంతకాలు వస్తేనే పోటీకి రానిస్తారు.

ఆమెకు రాజకీయాల పిచ్చేమీ లేదు. బడి వంటశాలలో గరిటె తిప్పి బతికింది. బీట్‌రూట్ సూపులో వెల్లుల్లి తక్కువైతే తప్ప ఎవరితోనూ గొడవ పడి ఎరగదు. కానీ మా ఊరికి వచ్చే ఒక్క బస్సూ తీసేశారు. ఆమె మొగుడు రిషెక్ తుంటి ఎముక విరిగింది. ప్రతి మంగళవారం జిల్లా ఆస్పత్రిలో కాలి వ్యాయామం చేయిస్తారు. అది మానేస్తే జన్మలో మళ్ళీ సరిగ్గా నడవలేవని డాక్టరు చెప్పేశాడు. వాళ్ళకు కారు లేదు. అందుకని ప్రతి సోమవారం సాయంత్రం గెన్యా ఎవరో ఒకరి ముందు నిలబడి, "రేపు పట్నం వెళ్తున్నారా?" అని అడుక్కోవాలి. పక్కింటిదాన్ని కాబట్టి నా కారే ఎక్కువసార్లు ఎక్కేవారు. ఎక్కిన ప్రతిసారీ ఆమె ఒడిలో నాకోసం గుడ్లో, ఊరవేసిన దోసకాయల సీసానో ఉండేది. అది అందుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

పోటీదారులందరిలో ఊరి బస్సుల మాట ఎత్తినవాడు గైదా ఒక్కడే. సంతకాలకేం, మావాళ్ళు ధారాళంగా పెట్టారు. "మంచోడే గెన్యక్కా, మనలాంటోడు" అన్నారు. ఊరిపెద్ద ఎద్మండ్ అయితే కుర్చీ వేసి, కేకు పెట్టి, ఇంటిల్లిపాదితో పెట్టించాడు. గైదా బరిలో నిలిచాడు.

ఆ తరువాత మొదలయ్యాయి సర్వేలు. రోజూ వార్తల్లో రంగురంగుల గీతలు. పెద్దవాళ్ళిద్దరివీ తెర నిండా ఉండేవి. గైదాకు గీత మాట అటుంచి, పేరు కూడా లేదు. చివర్న "ఇతరులు" అని ఒక బూడిదరంగు ముక్క, అందులో కలిసిపోయాడు. ఒకరోజు సర్వేవాళ్ళ ఫోను గెన్యాకే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఎవరో అమ్మాయి ఐదు పేర్లు చదివి, ఎవరికి వేస్తారని అడిగింది.

"గైదాకి."

"ఆ పేరు నా దగ్గర లేదండీ. ఇతరులు అని రాసుకోనా?"

"ఎందుకు లేదమ్మా? ఓటు కాగితం మీద ఉన్నాడుగా?"

"పెద్ద పేర్లే చదవమన్నారండీ. మిగతావాళ్ళని ఎలాగూ ఎవరూ చెప్పరని."

"పెళ్ళికొడుకుని చూపించకుండానే పిల్లకి నచ్చలేదన్నట్టుంది మీ యవ్వారం!"

ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

ఆ పిల్లదేముంది, ఎవరో చెప్పింది చదువుతుంది. నాకు ఒళ్ళు మండింది మా ఊరి మీద. సంతకాలు పెట్టినవాళ్ళే ఇప్పుడు, "మంచోడే గానీ గెలవడక్కా, ఓటు బూడిదలో పోసిన పన్నీరే" అని సాగదీయడం మొదలెట్టారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే ముందున్న ఇద్దరికే మళ్ళీ ఓట్లు పెడతారు మా దగ్గర. మొదటి విడతలో నచ్చినవాడికి వేసుకోవడానికే కదా ఆ రెండో విడత పెట్టింది? గెలిచేవాడెవడో చూసి వెయ్యడానికి ఇదేమైనా గుర్రప్పందెమా?

ఓట్ల ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లోనే నాకు భోజనం. రిషెక్ కోడి సూపులో సేమ్యాలు కెలుకుతున్నాడు గానీ తల ఎత్తడం లేదు.

"ఏమయ్యా, ఎవరికి వేశావ్?" అంది గెన్యా.

"అదే... ముందున్నాయనకి."

గెన్యా గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"గైదా ఎలాగూ గెలవడే. రోజూ చూస్తున్నాంగా. ఓటు పారేసుకోవడమెందుకని..."

"ఎవడి కాలు కోసమయ్యా నేను బురదలో పడి తిరిగింది?"

మాంసం ముక్క నా పళ్ళెంలో పడింది, ఆమె పళ్ళెంలో పడింది, అతని పళ్ళెంలో మాత్రం పడలేదు.

మర్నాడు బడి తలుపు మీద ఫలితాలు అంటించారు. మా ఊళ్ళో గైదాకు రెండే ఓట్లు. ఒకటి ఆమెది, ఒకటి నాది. ఆ సాయంత్రం గెన్యా ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

మంగళవారం పొద్దున మొగుణ్ణి పాత బస్టాపుకు నడిపించుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నువ్వు ఓటేసినాయన బస్సు పంపిస్తాడు. ఎక్కి వెళ్ళు."

నేను కారు ఆపి తలుపు తీశాను. "నీ పని నువ్వు చూసుకోవే, బస్సొస్తుంది" అంది. నాకు కదల బుద్ధి కాలేదు. ఇంతలో ఎద్మండ్ కారు వచ్చి ఆగింది.

"ఎక్కు రిషెక్, పట్నమే వెళ్తున్నా."

"నువ్వెవరికి వేశావ్ ఎద్మండ్?" అంది గెన్యా.

"నాకూ గైదానే నచ్చాడక్కా, ఒట్టు. కానీ టీవీలో అసలు లేడుగా. ఊరంతా వాడే కావాలనుకుంటున్నారని ముందే తెలిస్తే నేనూ..."

రిషెక్ చేతికర్రతో నేల మీద ఫట్‌మని కొట్టాడు.

"ఆ టీవీ చూసే నేనూ వేశాను! దాన్నే రమ్మను, నన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళమను! పో, నీ కారెక్కను!"

ఎద్మండ్ ముఖం ఎర్రబడింది. కారు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆస్పత్రి వేళ దాటిపోతోంది. గెన్యా మొగుడి వంక చూసి, "జరుగు" అంది. జరిగాడు, ఆమె పక్కన కూర్చుంది. సంతకాలు పెట్టినవాళ్ళ కార్లు ఒక్కొక్కటే వాళ్ళ ముందుకొచ్చి, కాస్త నెమ్మదించి, వెళ్ళిపోయాయి.