జ్వరం దిగిన మంచం పక్కన కునుకు

డాక్టరు మావయ్యకు రాని విద్య ఒక్కటే, మెలకువగా ఉండడం. కూర్చుంటే కునుకు, నించుంటే ఆవలింత. మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యాన్ని సగంలో వదిలేసి ఎటో తేలిపోతారు. తెలివొచ్చాక మిగిలిన సగం అందుకుని తాపీగా పూర్తి చేస్తారు. వినేవాళ్లు అప్పటికి వేరే గదిలో ఉన్నా ఆయనకు పట్టింపు లేదు.

"మా పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా ఈయన కళ్లు కనపడవు. ఫ్లాష్ వెలుగుకి మూసుకున్నాడని ఫొటోగ్రాఫరు చెప్తే నమ్మేశాను. అమాయకురాలిని!" అంది అత్తగారు, కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆల్బమ్ చూపిస్తూ.

కోడలు టైలరు. మావయ్యకు చొక్కా కుడదామని టేపు తీసి, "చేతులు చాపండి మావయ్యగారూ" అంది ఒకసారి. ఆయన బుద్ధిగా చాపి, చాపిన చేతులతో నిలువునా నిద్రపోయారు. భుజాలు, ఛాతీ, నడుం, అన్నీ తీరిగ్గా కొలుచుకుంది. అంత కదలకుండా నిలబడ్డ మనిషి ఆమెకు మళ్లీ దొరకలేదు. ఆ చొక్కా కుదిరినంత బాగా ఇంకేదీ కుదరలేదు కూడా.

దోమలు పెరిగి ఊరంతా డెంగీ జ్వరాలు మొదలైన రోజుల్లో, భోజనం దగ్గర ఆమె అడిగింది.

"ప్లేట్‌లెట్లు పడిపోయాయి అంటారు కదా మావయ్యగారూ, అవేం చేస్తాయి అసలు?"

"నీ పనేనమ్మా. రక్తనాళం ఎక్కడ చిరిగితే అక్కడికి పరిగెత్తి కుట్టేస్తాయి. ఈ వైరస్ ఏం చేస్తుందంటే, ఎముక మజ్జలో అవి తయారయ్యే చోటికెళ్లి పని ఆపిస్తుంది. బయట తిరిగేవాటికేమో ఏదో మచ్చ అంటిస్తుంది. దాంతో మన ఒంట్లో కాపలావాళ్లే వాటిని దొంగలనుకుని..."

తల వాలింది. కోడలు ఆయన చేతిలో గ్లాసు పట్టుకుంది, అత్తగారు తల పట్టుకుంది. ఇద్దరికీ అలవాటైన పనే.

మర్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ, ఎదురుగా ఉన్న గోడతో, "...పట్టుకుపోతారు," అన్నారు మావయ్య. "కొన్ని వైరస్‌లది ఇంకో తిక్క. చిరుగు లేనిచోట కూడా కుట్లు వేయిస్తాయి. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అదీ ప్రమాదమే."

ఆ వారమే ఆమె భర్తకు జ్వరం తగులుకుంది. మావయ్య పనిచేసే వార్డులోనే చేర్చారు. పొడుగాటి గది, ఆకుపచ్చ తెరలు, తెరల్లోంచి పడే పలచటి వెలుగు. సెలైన్ చుక్క చుక్కగా దిగుతూ ఉంటే చూసేవాళ్లకే రెప్పలు బరువెక్కేవి. అలాంటి చోట ఆయన నిద్రకు అడ్డేముంది?

వార్డులో ఆయన పేరు జోల డాక్టరు. ఏదో ఒక మంచం ఎంచుకుని, కుర్చీ లాక్కుని, "ఒక్క అయిదు నిమిషాలు కూర్చోనా?" అని అడిగేవారు. పేషెంటు సరే అనేలోపు గుర్రు వినపడేది. చెయ్యి పేషెంటు చేతి మీద పడి ఉండేది. బొటనవేలు మాత్రం ఉండుండి పేషెంటు గోరుని నొక్కి వదిలేది.

"కలలో ఎవరింటికో వెళ్లి కాలింగ్ బెల్ నొక్కుతున్నట్టున్నారు," అనేవాడు కిటికీ పక్క మంచంలోని లారీ డ్రైవరు. "తలుపు తియ్యండ్రా బాబూ, పాపం!"

నర్సు మాత్రం నవ్వేది కాదు. "సార్‌ని లేపకండి" అని అందరినీ కసిరి, ఆ పేషెంటుకే బీపీ చూసి, అదేదో జోలపాటలా ఆయన చెవి దగ్గర గొణిగి వెళ్లేది.

కోడలికి తల కొట్టేసినట్టుండేది. అంతకంటే బాధ ఇంకోటి. భర్త ఒళ్లు కాలిపోతున్నన్ని రోజులూ మావయ్య ఆ మంచం దగ్గరికి నిటారుగా వచ్చి, మందులు చూసి, జోకొకటి వేసి వెళ్లిపోయారు. ఊళ్లోవాళ్లందరి పక్కనా కూర్చునే మనిషికి కన్నకొడుకు పక్కన కూర్చోవాలనిపించదా అని ఆమె మనసు చివుక్కుమంది.

చివరికి ఒక ఉదయం జ్వరం దిగింది. భర్త దిండుకి ఆనుకుని కూర్చుని ఫోను అడిగాడు. అత్తగారు ఊపిరి పీల్చుకుని స్నానానికి ఇంటికెళ్లింది. కోడలు చుట్టాలందరికీ ఫోన్లు చేసి తగ్గిపోయిందని చెప్పింది. సరిగ్గా అప్పుడొచ్చి కుర్చీ లాక్కున్నారు మావయ్య.

"ఒక్క అయిదు నిమిషాలు, తల్లీ."

"ఇప్పుడెందుకు మావయ్యగారూ? తగ్గిపోయిందిగా! ఇంటికెళ్లి హాయిగా పడుకోండి."

"ఇక్కడ గాలి బావుంది."

ఆ మంచం పైన ఫ్యాను తిరగడం లేదు. ఆ మాట చెబుదామనుకునేసరికే గుర్రు మొదలైంది.

మధ్యాహ్నం మెల్లగా సాగింది. తెరలు ఊపిరి తీస్తున్నట్టు కదిలాయి. ఎక్కడో చక్రాల బండి కిర్రుమంటూ దూరమైంది. కోడలికీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ మగతలోనే ఆమె మావయ్య బొటనవేలిని చూస్తూ కూర్చుంది. నొక్కుతోంది, గోరు తెల్లబడుతోంది. వదులుతోంది, మళ్లీ ఎర్రబడుతోంది. తెల్లబడ్డ గోరు ఎర్రబడడానికి ఈసారి కొంచెం ఎక్కువసేపు పట్టింది. వేలు ఒక్క క్షణం ఆగింది.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. రెప్పలు పూర్తిగా మూసిలేవు. సూదిలో దారం ఎక్కేంత సందు ఉంది. ఆ సందులోంచి ఆయన కొడుకు గోరునే చూస్తున్నారు.

మగత ఎగిరిపోయింది. ఆయన కునుకు తీసిన మంచాలన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి. లారీ డ్రైవరు, కాలేజీ పిల్ల, గడియారాలు బాగుచేసే ముసలాయన. అందరూ ఆయన కూర్చున్న రోజే జ్వరం దిగినవాళ్లు.

"మావయ్యగారూ, జ్వరం తగ్గినవాళ్ల దగ్గరే ఎందుకు పడుకుంటారు మీరు?"

గుర్రు ఆగలేదు. ఈలోగా భర్త అసహనంగా అటూ ఇటూ దొర్లాడు. "కడుపులో నొప్పిగా ఉంది," అంటూ పెదాలు తుడుచుకున్నాడు. రుమాలు మీద ఎర్రటి మరక. చిగుళ్లలోంచి రక్తం.

మావయ్య కళ్లు తెరుచుకున్నాయి.

"సిస్టర్."

కేక కాదు, మామూలు పిలుపే. నర్సు అప్పటికే అక్కడుంది. "బీపీ పై అంకె, కింది అంకె దగ్గరపడుతున్నాయి సార్."

"సెలైన్ పెంచి పెట్టమ్మా. ఇంకో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపు. అబ్బాయిని మంచం దిగనివ్వొద్దు."

ఆయన మొదలుపెట్టిన వాక్యాలను అక్కడికక్కడే పూర్తి చేయడం కోడలు మొదటిసారి విన్నది. భర్తను పోగొట్టుకుంటానా అనే భయం తప్ప ఇంకేమీ తోచలేదు. మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడింది.

పొద్దు వాలేసరికి చల్లబడ్డ భర్త చేతులు మళ్లీ వెచ్చబడ్డాయి. కడుపు నొప్పి సర్దుకుంది. నర్సు ముఖం తేటపడింది.

"జ్వరం దిగేటప్పుడే అసలు పరీక్ష, తల్లీ," అన్నారు మావయ్య. "కుట్టేవాళ్లు తగ్గిపోయి ఉంటారు. దానికి తోడు గుడ్డ నేత వదులైనట్టు రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి కారుతుంది. రక్తం వేళ్లదాకా సరిగ్గా అందక నొక్కిన గోరు ఆలస్యంగా ఎర్రబడుతుంది, బీపీ అంకెలు దగ్గరపడతాయి. ఆ గండం దాటితే అన్నీ వాటంతటవే బిగుస్తాయి."

"మరి ఆ మాట చెప్పి మెలకువగానే కూర్చోవచ్చుగా?"

"జాగ్రత్తలన్నీ నర్సమ్మ చెప్తూనే ఉంది. కానీ డాక్టరు కళ్లింతలు చేసుకుని మంచం పక్కన కూర్చున్నాడనుకో, ఇంటివాళ్ల గుండెలు జారిపోవూ? అదే గుర్రు పెడితే, 'డాక్టరే పడుకున్నాడు, మనకేం ఫరవాలేదు' అని నవ్వుకుంటారు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లోది నిజం నిద్రే. ఇక్కడ కుదరదు కదా, అందుకని ఇంట్లో..."

తల వాలింది. కోడలు గబుక్కున ఆయన చేతి వైపు చూసింది. బొటనవేలు కదలడం లేదు. రెప్పల మధ్య సందు లేదు. అసలైన నిద్ర. అప్పుడు గానీ ఆమెకు కన్నీళ్లు రాలేదు. నవ్వు కూడా వాటితోపాటే వచ్చింది.

మర్నాడు పక్క మంచం కుర్రాడికి జ్వరం దిగింది. వాళ్లమ్మ సంబరపడుతుండగానే మావయ్య కుర్చీతో సహా దిగారు. గుర్రు మొదలైంది.

"ఇదెక్కడి చోద్యమమ్మా! మావాడికి తగ్గిపోయాక వచ్చి కునుకు తీస్తున్నాడు, ఈయనేం డాక్టరు?" అందావిడ.

కోడలు బొటనవేలి వైపు చూసింది. నొక్కుతోంది, వదులుతోంది.

"మా మావయ్యగారేనండీ," అంది, ఎంతో సిగ్గుపడుతున్నట్టు ముఖం పెట్టి. "ఎక్కడ కూర్చుంటే అక్కడే పడుకుంటారు. ఏమీ అనుకోకండి."

ఆవిడ పకపకా నవ్వింది. "పోనీలే పాపం, పడుకోనీ," అని తన దుప్పటి తీసి ఆయన మోకాళ్ల మీద కప్పింది. కుర్రాడు కూడా నవ్వాడు.

కోడలు ఇంకో కుర్చీ లాక్కొచ్చి మంచానికి అవతలి వైపు వేసుకుంది. "ఒక్క అయిదు నిమిషాలు కూర్చోనా?" అని అడిగి, కుర్రాడి రెండో చేతి మీద చెయ్యి వేసి, గోడకు తల ఆనించి, కళ్లు దాదాపుగా మూసుకుంది.