ముందు పోసే ప్లగ్గు

మా మేనమామ పోయారని తెలిసినప్పుడు నేను కౌలాలంపూర్ నుంచి ఆయన దగ్గరకే వెళ్తున్న బస్సులో ఉన్నాను. "మీ మావ పోనాడు బాబూ," అంది అత్త ఫోన్లో. "మాటిమాటికీ నీ గురించే అడిగినాడు. ఆడొచ్చినాడా, ఆడొచ్చినాడా అని." గోళ్ళ సందుల్లో గేర్ ఆయిల్ ఇంకా నల్లగానే ఉంది.

హుటాన్ మెలింటాంగ్ అనే రేవు ఊళ్ళో ఆయన చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవారు. తన పాత కారును గానీ నా కారును గానీ బయటి మెకానిక్ షెడ్డు గడప తొక్కనిచ్చేవారు కాదు. ఏడాదికోసారి నేను వెళ్తే, ఆయన కుర్చీ వేసుకుని కూర్చునేవారు, గేర్ ఆయిల్ మార్చడానికి నేను కారు కింద దూరేవాణ్ణి. కింద నుంచి నాకు కనిపించేవి ఆయన రబ్బరు చెప్పులే. మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. స్పానర్ పెట్టేముందు గేర్ పెట్టె ప్లగ్గు చుట్టూ మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో తోమాలి. తోమకపోతే తిట్లే. "మొకం కడక్కుండా టీ తాగుతావేటి?"

గేర్ పెట్టెకు రెండు ప్లగ్గులు, మర బిరడాలన్నమాట. కిందది పాత నూనె దించడానికి, పక్కది కొత్తది పోయడానికి. "పోసేది వదిలిందో లేదో సూడకుండా దించేది ముట్టకు లా. అది రాకపోతే ఏటి సేస్తావు? బండి సచ్చినట్టే." ప్రతిసారీ ఇదే పాట, మాట చివర మలయావాళ్ళ 'లా' తోకతో సహా. ప్రతిసారీ నాకు విసుగే.

పోయినసారి పోసే ప్లగ్గు బిగిస్తుంటే, "చాలు లా. మళ్ళీ ఇప్పాల్సింది నువ్వే," అన్నారు. వినకుండా ఇంకో పట్టు పట్టాను. కండబలం చూపించుకోవాలి కదా.

ఈసారి మా ఇంటి ముందు ఒక్కణ్ణే పని మొదలుపెట్టి, కింది ప్లగ్గు విప్పేశాను. నూనెంతా పళ్ళెంలోకి దిగిపోయింది. పక్కది కదల్లేదు. అప్పుడే అత్త ఫోన్ చేసింది. మామకు గుండెనొప్పి, ఆసుపత్రిలో చేర్చారు, నన్ను రమ్మంటున్నారు. ఆ క్షణమే బస్సెక్కాల్సింది. పది నిమిషాల్లో వదులుతుందిలే, కారులోనే పోదాం అనుకున్నాను. రెండు గంటలు దానితో కుస్తీ పట్టాను. ప్లగ్గు మూలలు అరిగి గుండ్రంగా అయ్యాకే వదిలేసి బస్సెక్కాను. ఆ రెండు గంటలూ మామ బతికే ఉన్నారు. నన్ను నేను క్షమించుకోలేను.

పెద్దకర్మ అయ్యాక అత్త ఆయన పనిముట్ల పెట్టె నా చేతికిచ్చింది. అందులో ఆ బ్రష్షు కూడా ఉంది. ఇంటికొచ్చి, ఆయన చెప్పినట్టే చుట్టూ తోమాను. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక పూట ఆగాను. అరిగిన ప్లగ్గు తల మీదికి బిగువైన సాకెట్‌ను, అంటే గొట్టం స్పానర్‌ను, సుత్తితో దిగ్గొట్టి, ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పాను. టక్కుమని వదిలింది. ఏడుపొచ్చింది.

కింది ప్లగ్గు బిగించి, నూనె పోసి, పక్కదాని చోట కొత్త ప్లగ్గు బిగించడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. స్పానర్ పట్టుకుని పక్కకు తిరిగి చూశాను. చెప్పులు కనిపించాల్సిన చోట ఉత్త సిమెంటు నేల ఉంది.