మా మేడమ్‌కి దెబ్బలంటే ముచ్చట

మా గుల్షన్ మేడమ్‌కి దెబ్బలంటే మహా ముచ్చట. తనకి తగిలినవి కాదులెండి, ఎదుటివాళ్ళవి! గుంటూరులో ఆవిడ ల్యాబ్‌లోనే పనిచేస్తున్నాను గనక చెబుతున్నా, ఎవరి వేలైనా తెగిందంటే చాలు, ఆవిడ ముఖం చేటంత అవుతుంది. పెళ్ళికి పిలిస్తే వంటవాళ్ళ చేతులు చూడ్డానికి వెళ్తారు.

రొయ్యల పొట్టు నుంచి తీసిన కైటోసాన్ అనే పదార్థాన్ని పత్తి పోగులకి పట్టించి, పుండులో బాక్టీరియాని చంపే కట్టు తయారుచెయ్యడం మా పని. ఓసారి మా డ్రైవర్ నజీర్ బైక్ మీంచి పడి వచ్చాడు. మేడమ్ చప్పట్లు కొట్టేశారు.

“అబ్బ! మోచెయ్యి ఎంత చక్కగా చెక్కుకుపోయిందయ్యా!”

“మండిపోతోంది మేడమ్!”

“మండదూ మరి! ఏదీ, ఇలా వెలుతురులోకి తిప్పు!”

అప్పట్నుంచి నజీర్ దోమ కుట్టినా ఫుల్ చేతుల చొక్కాలోనే వస్తున్నాడు.

ఆమధ్య మా కట్టుని ఆస్పత్రిలో రోగుల మీద పరీక్షించడానికి అనుమతొచ్చింది. ల్యాబంతా గంతులే గంతులు! సరిగ్గా అప్పుడే మా కోటిరత్నం పిన్ని కుంటుతూ కనబడింది. మిర్చి ముచ్చికలు తీసే పనికెళ్తుంది, ఒంట్లో షుగరు. అరికాల్లో పుండు పడితే గుడ్డ చుట్టి దాచేసింది. “డాక్టరు చూస్తే కాలు తీసేస్తాడే!” అని ఒకటే ఏడుపు. ఇంకా దాస్తే నిజంగానే కాలు పోతుందని నాకు దడ. మేడమ్‌నే పిన్ని ఇంటికి లాక్కెళ్ళాను.

“రత్నంగారూ, మీ దగ్గర మంచి పుండుందటగా! నాకు చూపించరూ?”

పిన్ని బిత్తరపోయి గుడ్డ విప్పింది.

“ఓహోహో! ఇన్నాళ్ళూ దీన్ని దాచుకు కూర్చున్నారా? అన్యాయం కదండీ!”

పిన్నికి నవ్వాగలేదు. “ఇంత ముచ్చటపడేవాళ్ళుంటారని నాకేం తెలుసమ్మా!” అంటూ ఆస్పత్రికి ఒప్పేసుకుంది.

నేను ఎగురుకుంటూ బయటికొచ్చి చూద్దును కదా, మేడమ్ పంపు దగ్గర కూలబడి వాంతి చేసుకుంటున్నారు!

“అయ్యో, ఏమైందండీ?”

“చిన్నప్పట్నుంచీ అంతే. పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయి నాకు.”

“మరి ఆ చప్పట్లూ, ఆ సంబరం?”

“మనం ముఖం చిట్లిస్తే వాళ్ళు మళ్ళీ దాచేసుకుంటారు దివ్యా. ముందు నీళ్ళు పొయ్యి!”

డాక్టరుగారు పుండు శుభ్రం చేసి మా కట్టు కట్టారు. మారుస్తూ వచ్చారు. మొన్నటికి పూర్తిగా మానింది, పిన్ని కాలు దక్కింది! నేను కేకలు పెట్టి కావలించుకుంటే పిన్ని మాత్రం దిగాలుగా కూర్చుంది.

“ఏంటి పిన్నీ, ఇంకా నొప్పా?”

“నొప్పి కాదే. ఆవిడ అంత ముచ్చటపడింది పాపం! మానిపోయిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావ్?”