పైడిరాజు వ్యానులో వెనక సీటు

అబ్బాయిరాజుగారి వ్యానులో వెనక సీటు కుడిమూల నాది. గుండుగొలను నుంచి ఏలూరులో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ అందులోనే వెళ్ళి వచ్చేవాణ్ణి. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వేలం వేస్తే రాజుగారు పాడుకున్న బండి అది. దాని డ్రైవరు పైడిరాజు. కొల్లేటి గట్టున పుట్టి, పడవ వదిలేసి స్టీరింగు పట్టుకున్నవాడు. హారను పనిచెయ్యకపోతే తల బయటపెట్టి తనే కేకేసేవాడు. దెందులూరు దాటేలోపు ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో అన్నీ వెనక్కి తిరిగి మరీ చెప్పేవాడు. "ముందు రోడ్డు చూడవయ్యా!" అని నేను కసురుకోని రోజు లేదు. అదంతా యాభై ఆరో సంవత్సరం శ్రావణమాసానికి ముందు మాట.

ఆ శ్రావణంలో అతని భార్య మంగకు సన్నిపాత జ్వరం వచ్చింది. పదకొండో రోజు పొద్దున భీమడోలు నుంచి డాక్టరు వచ్చి చూసి, "ఇక కదపకండి, ఇవాళో రేపో" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాసేపటికి పైడిరాజు తల్లి మరిడమ్మ మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేష్టారండీ, ఇవాళ నక్షత్రం ఏంటో కాస్త చూసి చెబుదురూ."

నాకు పంచాంగాలంటే మంట. అయినా ఇంట్లో ఉంది కదా, తీసి చూశాను. "మధ్యాహ్నం రెండింటి దాకా శ్రవణం. ఆ తర్వాత ధనిష్ఠ" అన్నాను. ఆవిడ వెంటనే ఇంటికి మళ్ళింది.

ధనిష్ఠలో ప్రాణం పోతే ఆ చోటు ఆర్నెల్లు మూసెయ్యాలంటారు మావైపు. ఇల్లయితే తాళం పెట్టి ఇంటిల్లిపాదీ బయటికి పోవాలి. వాళ్ళదేమో ఆ వేసవిలో కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. అంతకుముందు కొల్లేటి గట్టున పాకలో ఉండేవారు. ఏటా నీళ్ళొచ్చి పాక కొట్టుకుపోయేది. ఈ గోడలకు మట్టి తొక్కింది మంగే. చంటిపిల్లని ఎండలో గంపకింద పడుకోబెట్టి తొక్కింది, నేను చూశాను. ఇప్పుడు వానల్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతుంది మరిడమ్మ? ఆవిణ్ణి తప్పుపట్టడం తేలిక. ఆ వానలో ఆవిడ తడవాలి, నేను కాదు.

ఒంటిగంటన్నరకి వ్యాను వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. "ఏలూరు ఆస్పత్రికి తీసుకుపోరా" అంది మరిడమ్మ, వీధి వీధంతా వినేలాగ. మంగకి తెలివి ఉంది. చాపతో సహా ఎత్తి బయటికి తెస్తుంటే ద్వారబంధం పట్టుకుంది.

"నన్ను ఇంట్లోనే ఉండనియ్యి అత్తా. నేనెక్కడికీ రాను."

మరిడమ్మ ఒక్కొక్క వేలే విడదీసింది. పైడిరాజు స్టీరింగు ముందు కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. డాక్టరు కదపొద్దన్న సంగతి నాకు తెలుసు. నక్షత్రం చెప్పిన నోటితో ఆ ఒక్క మాటా అంటే సరిపోయేది. అనలేదు. దెందులూరు చేరకముందే, రెండు దాటిన కాసేపటికి, ఆ వెనక సీటు మీద మంగ పోయింది. పైడిరాజు బండి వెనక్కి తిప్పాడు.

దినవారాలు అయ్యాక మళ్ళీ డ్యూటీకి వచ్చాడు. నోట్లోంచి మాట లేదు. అడిగితే "ఆయ్" అనడం, లేదంటే అదీ లేదు. కళ్ళలో తడి కూడా లేదు. వ్యాను ఎక్కేవాళ్ళు లేరు. ఎక్కిన ఒకరిద్దరూ డ్రైవరు పక్కన ఇరుక్కునేవారు. పంచాంగమంటే మండిపడే నేను కూడా ముందు సీట్లోనే ఇరుక్కున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

రాజుగారు పురోహితుణ్ణి అడిగారు. ప్రాణం పోయిన చోటు సీటే గనక అది ఊడదీసి, ఏదన్నా గదిలో ఆర్నెల్లు మూసిపెడితే బండికి దోషం లేదన్నాడాయన. రాజుగారికి రొట్టె విరిగి నేతిలో పడింది. సీటు పోతే వెనకంతా ఖాళీ. ఏలూరు స్టేషనుకి వెళ్ళే కొల్లేటి చేపల తట్టలు ఎనిమిది పడతాయి.

ఆదివారం పొద్దున రాజుగారి దొడ్లో, నేను చూస్తుండగా, పైడిరాజు గోనె పరుచుకుని వ్యానులో దూరాడు. బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానేదాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత పానా పట్టి నాలుగూ విప్పాడు. వేళ్ళు చెక్కుకుపోయి నెత్తురొస్తున్నా చూసుకోలేదు. సీటు కింద వేరుశెనగ తొక్కలు, పోయిందనుకున్న నా కలం మూత దొరికాయి. మూత తుడిచి నా చేతికిచ్చాడు.

"ఎక్కడ పెట్టమంటారండి దీన్ని?" అని రాజుగారిని అడిగాడు.

"మా ధాన్యం కొట్లో మటుకు వద్దురా బాబూ."

చేపల కొట్టువాళ్ళూ వద్దన్నారు. ఎవరిమట్టుకు వాళ్ళు తలుపు దగ్గరగా వేసుకున్నారు. "పోనీ కాలవలో పారెయ్యి" అన్నారు రాజుగారు.

"వద్దండి" అన్నాడు పైడిరాజు. అన్ని రోజుల్లో అతను కాదన్నది అదొక్కటే. నావైపు తిరిగి, "మేష్టారండీ, ఆ చివర కాస్త పడతారా?" అన్నాడు.

పట్టాను. రెండు వీధులు మోసుకెళ్ళాం. సన్నగా జల్లు పడుతోంది. మమ్మల్ని చూసి మరిడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది లోపలికొస్తే ఇల్లు మూసెయ్యాలిరా!"

"మూసేద్దామమ్మా."

"వానల్లో పిల్లలు ఎక్కడ పడుకుంటార్రా? మంగ ఇంట్లో పోలేదు కదరా!"

"పోనివ్వలేదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. టైరులో గాలి లేదని చెప్పినట్టు చెప్పాడు.

మరిడమ్మ పక్కకి తప్పుకుంది. సీటు లోపలి గదిలోకి తీసుకెళ్ళి, మంగ చాప ఉండే గోడవారన దించాం. దుమ్ము పడిన చోట అరచేత్తో తుడిచాడు. బియ్యం కుండా, పిల్లల బట్టలూ బయట పెట్టాడు. దీపం వెలిగించి, తలుపు మూసి, తాళం వేశాడు. కోడలు పోయిన రోజున కూడా ఏడవని మరిడమ్మ అప్పుడు ఆ తలుపు పట్టుకుని "మంగా, మంగా" అని ఏడ్చింది.

తట్టలు వచ్చే వేళయిందంటూ పైడిరాజు వానలోనే వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు.