కొమ్ములు లేని రూటరు

కోడుమూరు మగ్గాల ఇంట్లో మూడో రూటరు కూడా చేతులెత్తేసిందన్న కబురు మొదట నాకు తెచ్చినవాడు మద్దిలేటి. అప్పుడు నేను డోన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో జె.టి.ఓ.ని, అంటే జూనియర్ టెలికాం ఆఫీసరును. కోడుమూరు ఎక్స్ఛేంజీ నాకు అదనపు బాధ్యత. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. రాగి తీగలు తీసేసి ఇళ్లకు ఫైబరు ఇస్తున్న రోజులు. మద్దిలేటి కోడుమూరు లైన్లు చూసే టెలికాం మెకానిక్. ఆ ఉద్యోగానికి పాత పేరు లైన్‌మన్. ఊళ్లో అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లు.

మా శాఖలో పద్ధతి ఇది. చందాదారుడు ఫిర్యాదు చేస్తే దానికి డాకెట్ నంబరు పడుతుంది. మెకానిక్ వెళ్లి, ఇంటి గోడకు మేము బిగించిన పెట్టె దాకా వెలుతురు సరిగ్గా అందుతోందో లేదో మీటరుతో కొలుస్తాడు. ఫైబరులో వచ్చేది వెలుతురే. దాన్ని ఆ పెట్టె ఇంటర్నెట్టుగా మారుస్తుంది. పెట్టె తర్వాత ఉండేది రూటరు. వచ్చిన ఇంటర్నెట్టును ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ పంచేది అదే. పెట్టె మాది, రూటరు చందాదారుడిది. పెట్టె దాకా బాగుంటే ‘లైను సక్రమం’ అని రాసి డాకెట్ మూసేయవచ్చు.

మద్దిలేటి అంతకుముందు రెండుసార్లు అలాగే మూశాడు. మూడోసారి మూయకుండా బస్సెక్కి డోన్‌కు వచ్చేశాడు.

“మన లైను బంగారం మాదిరి ఉండాది మేడం. మూసేస్తే నన్ను అడిగేటోడు లేడు. కానీ ఆయమ్మ మొకం చూసినాక మూయబుద్ధి కాలా. మీరొకసారి రాండి.”

ఆయమ్మ అంటే సుంకమ్మ. ఆమె భర్త ఈరన్న. ఇద్దరూ నేతగాళ్లే. వాళ్ల వీధిలో ఎనిమిది మగ్గాల వాళ్లు కలిసి, బెంగళూరులోని ఒక చీరల కొట్టుతో ఒప్పందం చేసుకున్నారు. మరమగ్గం మీద తీసిన చీరలను చేనేత అని అంటగట్టేవాళ్లు ఎక్కువయ్యారని ఆ కొట్టువాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రతి చీరా మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా నేస్తున్నట్టు ఫోనుతో వీడియో తీయాలి. ఏ రోజు నేత వీడియో ఆ రోజే పంపాలి. చీర కొన్నవాళ్లు ఆ వీడియో చూసుకోవచ్చు. వీడియో అందని చీర మరమగ్గం చీర కిందే లెక్క.

ఎనిమిది మగ్గాల వీడియోలూ సాయంత్రానికి ఈరన్న ఇంట్లోని కంప్యూటరులోకి చేరేవి. అక్కడి నుంచి కొట్టువాళ్లు పెట్టించిన ఫైల్ షేరింగ్ ప్రోగ్రాం వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, వాళ్ల శాఖల్లోని కంప్యూటర్లన్నిటితో ఒకేసారి ఇచ్చిపుచ్చుకునేది. సరిగ్గా అదే సమయానికి ఇంటర్నెట్టు నిలిచిపోయేది. అలా వీడియో అందక సుంకమ్మ నేసిన రెండు చీరలు ‘మరమగ్గం’ అన్న ముద్రతో తిరిగొచ్చాయి. ఆ శనివారం సాయంత్రానికి అన్ని మగ్గాల వీడియోలూ అందకపోతే ఒప్పందం అక్కడితో సరి అని కొట్టువాళ్లు ఫోను చేశారు.

నేను వెళ్లేసరికి సుంకమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. లేచి రాబోతుంటే వద్దన్నాను. ఆమె తిరిగొచ్చిన చీరను ఒళ్లో పెట్టుకుని చూపించింది.

“చూడు మేడమ్మా. ఈ అంచుకు నా నడుము పడిపోయింది. దీన్ని మిషను చీర అనిరి. దుడ్లు పోతే పోనీ, ఆ మాట యాడ మింగేది?”

ఆ అంచును వేళ్లతో తడిమి చూశాను. రూటరు ఎక్కడుందని మాత్రం అడిగాను.

గోడలో కడప బండతో కట్టిన గూడు ఉంది. దానికి అడ్డంగా తడి గోనెపట్టా వేలాడుతోంది. పట్టా తీసి చూస్తే లోపల రూటరు, దాని చుట్టూ మళ్లీ తడి గుడ్డ. నేను బిత్తరపోయి మద్దిలేటి వైపు చూశాను. అతను నవ్వు ఆపుకోవడానికి మీటరు సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాడు.

సుంకమ్మ వివరించింది. మా సీమ ఎండకు గాలిలో తేమ ఉండదు. పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని మగ్గాల వాళ్లు ఎండాకాలం నేల తడుపుతారు, మగ్గం చుట్టూ తడి పట్టాలు కడతారు. “పోగు తెగకుండా మగ్గానికి కడితిమి గదా. ఇది గూడా ఎండకే తెగిపోతాండాది అనుకొంటిమి. పట్టుకుంటే కాలతాండాది మేడమ్మా, పాపం.”

మొదటి రూటరు ఎలా పోయిందో అర్థమైంది. ఈ తడికి దాని లోపల తుప్పు పట్టి ఉంటుంది. కానీ ఆమె ఆలోచనలో తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. తన చేతిలో ఉన్న పనితనంతోనే ఆమె రూటరును కాపాడుకోవాలని చూసింది. తేమ వద్దనీ, చుట్టూ గాలి ఆడాలనీ చెప్పి, రూటరును గూడు నుంచి బయటి బల్ల మీదికి మార్చాం.

అంతకుముందు పోయిన రెండు రూటర్లనూ తెచ్చి ఈరన్న దాని పక్కన వరుసగా పేర్చాడు. మొదటిదానికి రెండు యాంటెన్నాలు, రెండోదానికి నాలుగు, మూడోదానికి ఆరు.

“పోయినప్పుడల్లా కొమ్ములు పెంచుతానే ఉండా మేడం. ఇంగ ఎనిమిది కొమ్ములది ఉండాదంట కర్నూల్లో. చెప్పి పెట్టినా.”

“ఆ మనిషికి పొట్టేళ్ల సంతకు పోయినట్టు ఉండాది,” అంది సుంకమ్మ గుంటలోంచి.

యాంటెన్నాలు గాలిలో సిగ్నలు పంపడానికి మాత్రమే. ఈ ఇంట్లో జబ్బు అది కాదని నా అనుమానం. ముందు పద్ధతి ప్రకారం రూటరును పక్కనపెట్టి, మా పెట్టె నుంచి నేరుగా కంప్యూటరుకు తీగ తగిలించాం. ప్రోగ్రాం ఆపి చూశాం, ఆడించి చూశాం. లైను ఒక్కసారి కూడా తెగలేదు. అంటే మా బాధ్యత అక్కడితో తీరినట్టే. మద్దిలేటి డాకెట్ ముందు పెట్టి, మూసేదా అన్నట్టు నా ముఖం చూశాడు. వద్దని తల ఊపాను.

తర్వాత ఆరు యాంటెన్నాల మూడో రూటరునే మళ్లీ పెట్టి, దాని లోపలి పేజీ కంప్యూటరులో తెరిచాం. అందులో ఒక అంకె ఉంటుంది: ఈ క్షణాన బయటి కంప్యూటర్లతో ఎన్ని సంభాషణలను రూటరు గుర్తుపెట్టుకుని నడుపుతోంది అని. దాని పక్కనే గరిష్ఠ పరిమితి. సాయంత్రం మగ్గాలు ఆగి, వీడియోలు పంపడం మొదలవగానే ఆ అంకె గబగబా ఎక్కి పరిమితిని తాకి నిలిచిపోయింది. ఆ క్షణం నుంచి ఇంట్లో ఏదీ కదల్లేదు. మద్దిలేటి జేబులోని ఫోనుకు కూడా ఇంటర్నెట్టు అందలేదు.

ఇది వాళ్లకు ఎలా చెప్పాలా అనుకుంటే మా నాన్న గుర్తొచ్చారు. నేను బడికి పోలేదు. వేంపల్లెలో మా ఖాలా, అంటే పిన్నమ్మ, ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాసి, టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, శాఖాపరీక్షలు రాస్తూ ఆఫీసరునయ్యాను. లెక్కలు మాత్రం మా నాన్న దగ్గర నేర్చాను. ఆయన దర్గా ఉరుసుకు చెప్పులు కాపలా కాసేవారు. కూలికి కాదు, సేవగా. ఆయన పక్కన కూర్చుని వచ్చినవాళ్లకు రేకు బిళ్లలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం నా పని. ఆ భాగ్యం ఇచ్చినందుకు ఇప్పటికీ అల్లాహ్‌కు శుక్ర్ చెప్పుకుంటాను.

“ఈరన్నా, నీ రూటరు చెప్పుల కాడ కూర్చున్న మనిషి అనుకో,” అన్నాను. “వచ్చిన ప్రతివాడికీ ఒక బిళ్ల ఇయ్యాల. మామూలు ఇంటికి పదిమంది వస్తారు. నీ ప్రోగ్రాము ఒకేసారి ఉరుసు జనాన్నంతా తోలుకొస్తాంది. బిళ్లలు అయిపోతే కొత్తోడిని లోపలికి పోనీడు. పోయినోళ్ల బిళ్లలు గూడా ఇది బిరాన వెనక్కి తీసుకోదు. దారి ఎంత వెడల్పుగా ఉంటే ఏం లాభం?”

ఈరన్న బల్ల మీది కొమ్ముల వైపు ఒకసారి చూశాడు. “అట్లయితే కొమ్ములు కాదు, బిళ్లలు శానా ఉండేది కావల్ల.”

“అదే.”

“మరి అంగట్లో బిళ్లలు ఎన్నని యాడ రాసుంటాది?”

అది సరైన ప్రశ్న. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది వేగం, యాంటెన్నాలు. మనకు కావలసినవి తయారీదారు చిన్న అక్షరాల్లో ఇస్తాడు, లేదా ఇవ్వడు: లోపలి మెమరీ ఎంత, ప్రాసెసరు ఎలాంటిది, ఒకేసారి ఎన్ని సంభాషణలు మోయగలదు, పైకి పంపే దారిని ఒక్క ప్రోగ్రామే మింగేయకుండా వాటాలు వేయగలదా, లోపలి సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ ఇంకా మార్పులు పంపుతోందా. రాత్రింబవళ్లు నడిచేదైతే డబ్బాకు గాలి రంధ్రాలు, దమ్మున్న అడాప్టరు కూడా చూడాలి. నేను ఆ రాత్రే నాలుగైదు రకాల వివరాలు చదివి ఒకటి ఎంచాను. శుక్రవారం నమాజు అయ్యాక కర్నూలు బస్టాండులో ఈరన్నను, మద్దిలేటిని కలుసుకున్నాను.

అంగడాయన నేను అడిగింది అటక మీద నుంచి దింపి దుమ్ము దులిపాడు. చిన్న ఇనప డబ్బా. వెనకంతా తీగలు పెట్టుకునే రంధ్రాలు. యాంటెన్నా ఒక్కటీ లేదు.

ఈరన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఇదేంది మేడం! బోడిది!”

“నేనూ అదే అంటాండా పెద్దాయనా,” అన్నాడు అంగడాయన. “ఇది ఆఫీసులకు పెట్టుకునేది. ఇంట్లోకి ఏంటికి? ఈ ఎనిమిది యాంటెన్నాలది తీసుకో, మిద్దె మీద పండుకున్నా సిగ్నల్ వస్తాది.”

ఈరన్న కళ్లు ఆ ఎనిమిదింటి మీదే ఉన్నాయి. మద్దిలేటి అతని భుజం పట్టి ఇటు తిప్పాడు. “ఏమప్పా, కొమ్ములు చూసి మూడింటిని కొంటివి గదా. ఏ ఒక్కటన్నా పాలిచ్చెనా?”

అంగడాయన కూడా నవ్వేశాడు. బోడిదాన్నే కట్టించుకున్నాం.

శనివారం మధ్యాహ్నం బిగించాం. అసలు రూటరు పని ఇనప డబ్బాకు ఇచ్చాం. ఆరు యాంటెన్నాల పాతదాన్ని పారేయలేదు. దానిలో రూటరు పని ఆపేసి, ఫోన్లకు వైఫై ఇవ్వడానికి మాత్రం ఉంచాం. కంప్యూటరును తీగతోనే కలిపాం. పోయినవాళ్ల బిళ్లలు త్వరగా వెనక్కి తీసుకునేలా గడువు తగ్గించాం. ఫైల్ షేరింగ్ ప్రోగ్రాంలోనూ ఒకేసారి ఎంతమందితో మాట్లాడవచ్చో ఒక హద్దు పెట్టాం, పైకి పంపే దారిలో కొంచెం ఖాళీ వదిలాం. దారిని నిండా నింపితే మిగతా పనులకు ఊపిరాడదు. మంచి రూటరు కొన్నా ఈ హద్దులు పెట్టకపోతే సగం పనే అయినట్టు.

సాయంత్రం ఎనిమిది మగ్గాల వాళ్లూ ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. వీడియోలు మొదలయ్యాయి. అంకె ఎక్కడం మొదలైంది. పాతదాని పరిమితి దగ్గరికి వచ్చేసరికి అందరూ తెర మీదికి వంగారు. సుంకమ్మ తిరిగొచ్చిన చీరను చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

అంకె ఆ గీత దాటి పైకి పోయింది.

అప్పటికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయింది. ఎక్కడ నమాజు చేసుకోవచ్చని సుంకమ్మను అడిగాను. ఆమె లోపలి గది ఊడ్చి, ఇంకా నీళ్లు తగలని కొత్త నేత గుడ్డ పరిచింది. వద్దంటే వినలేదు. “నీ దేవునికి గూడా చెప్పు మేడమ్మా, ఇది చేత్తో నేసిందేనని.”

చెప్పాను. నేను నమాజు చివరి ప్రార్థన, దువాలో ఉండగానే ముందు గదిలో గోల లేచింది. బయటికి వచ్చేసరికి ఈరన్న ఫోను స్పీకరులో పెట్టి ఉన్నాడు. బెంగళూరు కొట్టులోని ఆవిడ కన్నడం కలిసిన తెలుగులో అన్నీ అందాయని చెబుతోంది. సుంకమ్మ ఫోను లాక్కుంది.

“ఆ రెండు చీరల వీడియోలు గూడా పంపినాం, చూసినావా తల్లీ? చూసినాక ఏమంటావో ఇప్పుడు చెప్పు. అందరూ ఇంటాండారు.”

అవతల నుంచి ఆ వీడియోలోని మగ్గం చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ, అవి చేనేతేనని, తిరిగి పంపమని, పొరపాటయిందని చెప్పింది. సుంకమ్మ ఫోను భర్త చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాఫీ గ్లాసులతో వచ్చినప్పుడు ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నోరు మాత్రం, పొట్టేళ్ల సంత మాట ఎత్తి మొగుణ్ణి ఆడిపోసుకుంటూనే ఉంది.

ఆ డబ్బాకు ఆ వీధిలో బోడెమ్మ అని పేరు పడింది. ఆయుధపూజకు మగ్గాలతోపాటు దానికీ కుంకుమ పెట్టారని మద్దిలేటి చెప్పాడు. గాలి రంధ్రాల మీద పెట్టొద్దని మాత్రం కబురు పంపాను. నేను పదవీ విరమణ చేసే నాటికి అది ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఆ పని నాకు నేర్పింది రెండు మాటల్లో చెప్పవచ్చు. రూటరును కంటికి కనిపించే హంగుతో ఎంచకూడదు. ఆ ఇంట్లో అత్యంత రద్దీ వేళ అది ఎంతమందిని ఒకేసారి గుర్తుపెట్టుకోగలదో చూసి ఎంచాలి. రెండోది, శాఖ బాధ్యత గోడ మీది పెట్టెతో ముగుస్తుంది గానీ మనిషి ఇబ్బంది అక్కడ ముగియదు. డాకెట్ మూసేముందు ఆ తేడా చూసుకోవాలి.

ఆ తేడా మొదట చూసింది నేను కాదు, మద్దిలేటి. మూసేసే వీలున్న కాగితాన్ని మూయకుండా బస్సెక్కాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక నిచ్చెన ఎక్కడం మానేసి, కోడుమూరులో మనవళ్లతో ఉన్నాడు. మీరు ఏ దేవుణ్ణి తలుచుకునేవాళ్లయినా సరే, ఆ సమయంలో ఒక్కసారి మద్దిలేటి పేరు కూడా తలవండి. ఇలా రాస్తానని ఫోనులో చెబితే అతను ఒప్పుకోలేదు: “నన్ను ఏంటికి మేడం? బోడెమ్మను తలుసుకోమను.” మీరు అతని మాట వినవద్దు.